వజ్రాలకు పోయేవాళ్లు చేలో తూటా కనిపిస్తే రుద్దకండి

తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని తిరుగుతుంటారు. మెరిసేది ఏది కనిపించినా ఉమ్మి తడిపి రుద్ది చూడటం మనకు అలవాటు. రాయికైతే సరే. పోయినేడు మా పక్క చేలో ఒక పిల్లోడు చిలుం పట్టి పచ్చగా ఉన్న తూటాను బండ మీద పెట్టి, కొట్టడానికి ఇంకో రాయి ఎత్తాడు. మా చిన్నాయన అరిచిన అరుపుకు ఆగాడు.

ముందు చూడాల్సింది ఇత్తడి గొట్టం ఉందా అని. గొట్టంలో గుండు ఇంకా బిగుసుకునే ఉంటే అది పేలని తూటా అనుకోవాలి. అడుగున మందు అంటించే క్యాప్ మీద గుంట పడి ఉన్నా నమ్మకండి, కొట్టినా పేలకుండా మిగిలినవీ ఉంటాయి, ఏళ్ల తరబడి మట్టిలో ఉన్నంత మాత్రాన లోపలి మందు చచ్చిపోయిందనుకోవద్దు. ముట్టుకోకుండా, కాస్త పక్కన కట్టె పాతి, ఫోటో తీసి 112కి ఫోన్ చేయండి. ఇంటికి తెచ్చి దాచుకుంటే పేలుడు భయం ఒకటే కాదు, లైసెన్సు లేకుండా తూటా ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. బొటనవేలి కంటే లావుగా ఉన్నా, మొనకు రంగు పూసి ఉన్నా అసలు దగ్గరికే పోవద్దు.

గొట్టం లేకుండా వట్టి గుండే దొరికితే అది ఏ కాలందో చూడొచ్చు. గోలీలా గుండ్రంగా, బరువుగా, పైన తెల్లటి పొర ఉంటే సీసం, పాత మస్కెట్ తుపాకులది. కుంపిణీ సిపాయిల బ్రౌన్ బెస్ మస్కెట్ గుండు దాదాపు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. అలాగని దొరికిన ప్రతి గుండునూ 1846 నాటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి అంటగట్టకండి! పొడుగ్గా, మొత్తం సీసమే ఉండి 31 గ్రాముల దాకా తూగితే మార్టిని హెన్రీది కావచ్చు, అది 1871లో వచ్చిన తుపాకి. సన్నగా, మొనదేలి, పైన రాగి రంగో వెండి రంగో తొడుగు ఉండి 11 గ్రాములుంటే త్రీ నాట్ త్రీ (.303) రైఫిల్‌ది అనుకోవచ్చు. దాని ఒంటి మీద తుపాకి గొట్టం చేసిన గాడులు మామూలుగా ఐదు, ఎడమకు మెలి తిరిగి ఉంటాయి. ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) గుండు కూడా ఇంచుమించు అంతే లావు, కానీ 9 గ్రాములే, గాడులు ఆరు, కుడికి తిరుగుతాయి. కాబట్టి కంటితో చూసి పందేలు కాయకండి, తూకం వేయండి.

ఆ తెల్లటి పొరను గోకొద్దు, అది విషమే. సీసం పట్టుకున్న చేత్తో సద్దిమూట విప్పకండి, సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేతికి ఇవ్వకండి. ఉమ్మి పెట్టి రుద్దేవాళ్లకు ఇంకోసారి చెప్తున్నా.