ఆవు ఎదకు రాలేదా, సూది (కృత్రిమ గర్భధారణ) నిలవట్లేదా? మినరల్ లోపమో కాదో ఎట్లా పట్టుకోవాలి

పలమనేరు, పుంగనూరు, వి.కోట వైపు క్రాస్ ఆవులు మేపేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే, "ఈని నాలుగు నెలలైంది, ఎదకే రాలేదు, ఏ మినరల్ మిక్చర్ మంచిది?" అని. బ్రాండు సంగతి తర్వాత, ముందు గాడిలో ఏముందో చూడండి. వట్టి వరిగడ్డి, పైన కాస్త బూసా, రోజూ అంతే అయితే లోపం ఉండకుండా ఎట్లా ఉంటుంది! వరిగడ్డిలో భాస్వరం, రాగి, జింకు తక్కువ, పైగా అందులో ఉండే ఆక్సలేట్ ఆవు తిన్న కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వదు. పాలు తగ్గకముందే కట్టు మీద, అంటే చూలు నిలవడం మీద దెబ్బ పడుతుంది కాబట్టి మనకి లేటుగా తెలుస్తుంది.

ఈని మూణ్ణెల్లు దాటినా ఎద లేదు

మామూలుగా 45 నుంచి 60 రోజుల్లో రావాలి. పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉంటే అది మేత చాలకపోవడం, ఎంత పౌడర్ పోసినా లాభం లేదు, ముందు దాణా పెంచండి. ఒళ్ళు బానే ఉంటే వెంట్రుకలు చూడండి, హెచ్చెఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవు నల్లమచ్చలు ఇటుక రంగుకి తిరిగి, కళ్ళ చుట్టూ అద్దాలు పెట్టినట్టు తెల్లబడితే రాగి లోపం అని గట్టిగా అనుమానించాలి. బోరు నీళ్ళు పోసే తొట్టికి తుప్పు మరక పడుతోందా? నీళ్ళలో ఇనుము ఎక్కువైతే తిన్న రాగి కూడా ఒంటికి పట్టదు, అట్లాంటి చోటే చీలేటెడ్ మిక్చర్‌కి (ఖనిజం తేలిగ్గా ఒంటికి పట్టేట్టు తయారుచేసినది) ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం ఉంది, మిగతావాళ్ళకి ఐఎస్ఐ మార్కు ఉన్న మామూలుది చాలు.

ముందు నట్టల మందు తాపండి, తర్వాత మిక్చర్ రోజుకి 50 గ్రాములు, గ్యాప్ లేకుండా కనీసం మూణ్ణెల్లు. చాలామంది ఇరవై రోజులు వేసి పని చెయ్యలేదని ఆపేస్తారు, కానీ ఈరోజు విడుదలయ్యే అండం రెండు నెలల ముందు నుంచే పెరగడం మొదలుపెట్టి ఉంటుంది, ఆ టైమ్‌లో లేని ఖనిజం ఇప్పుడు పోస్తే ఈ ఎదకి ఎట్లా పనికొస్తుంది?

ఎదకొచ్చినా బయటపడని మూగ ఎద కూడా ఉంటుంది, మాంగనీసు తక్కువైనా ఇట్లా అవ్వచ్చు. ఎండాకాలం పగలు అస్సలు తెలీదు, తెల్లారుజామున, రాత్రి పడుకునే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్ళి చూడాల్సిందే.

ఎద కరెక్టుగా 21 రోజులకి వస్తుంది, సూది నిలవట్లేదు

సూది వేయించినా మూడుసార్లు మళ్ళీ ఎదకి తిరిగితే తీగ (ఎదలో కారే జిగురు) చూడండి. గుడ్డు తెల్లసొనలాగా క్లియర్‌గా ఉంటే సరే, తెల్లటి నలుసులు, చీము ఉంటే గర్భసంచిలో ఇన్ఫెక్షన్, దానికి డాక్టరు వైద్యమే, మినరల్ కాదు. తీగ బాగుంటే టైమ్ సరిచేసుకోండి, పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. ఇవన్నీ కరెక్టుగా ఉన్నా తిరుగుతుంటే అప్పుడు జింకు, రాగి, మాంగనీసు లోపం గురించి ఆలోచించాలి. మూణ్ణెల్లు మిక్చర్ వేసినా అంతే అయితే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో గర్భసంచి చూపించండి.

ఈనాక మాయ పడట్లేదు

12 గంటలు దాటితే డాక్టర్ని పిలవండి, చేత్తో లాగొద్దు, బరువు కట్టొద్దు. సెలీనియం, విటమిన్ ఇ తక్కువైనా, కాల్షియం పడిపోయినా ఇట్లా అవుతుంది. దీన్ని ఈనకముందే ఆపాలి, కానీ మనవాళ్ళు పాలు ఆగిన రోజే మిక్చర్ కూడా ఆపేస్తారు, చూడి చివరి రెండు నెలల్లోనే దూడకీ తల్లికీ అవసరం ఎక్కువ. వట్టిపోయిన ఆవుకి దయచేసి ఆపొద్దు. సెలీనియం ఇంజెక్షన్ మాత్రం డాక్టరు చెప్తేనే, కిలో మేతకి 0.3 మిల్లీగ్రాములే దాని అవసరం, మోతాదు మించితే విషం.

మిగతావి

గోడలు నాకడం, గుడ్డలు, ఎముకలు నమలడం అంటే భాస్వరం, ఉప్పు లోపం లేదా నట్టలు. గిట్టలు పగలడం, చర్మం మందంగా పొట్టు లేవడం జింకు లోపం. దూడ గొంతు వాచి, వెంట్రుకల్లేకుండా పుడితే అయోడిన్, క్యాబేజీ అయోడిన్‌ని ఒంటికి పట్టనివ్వదు, మార్కెట్‌లో మిగిలిన క్యాబేజీ ఆకు బండ్ల కొద్దీ మేపేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోండి.

పౌడర్‌ని నీళ్ళ తొట్టిలో వేస్తే అడుక్కి చేరిపోతుంది, దాణాలోనే కలపండి. గుప్పెడు అంటే ఒక్కొక్కరి చేతికి ఒక్కో లెక్క, అంగట్లో కాటా మీద 50 గ్రాములు తూయించి ఒక డబ్బాకి గీత పెట్టుకోండి. దూడకి 20 నుంచి 25 గ్రాములు. ఉప్పు విడిగా 30 గ్రాములు. ఆవుల మిక్చర్‌ని గొర్రెలకి మాత్రం వెయ్యొద్దు, ఆవుకి సరిపోయే రాగి వాటి లివర్లో పేరుకుపోయి ఒక్కసారిగా పడి చచ్చిపోతాయి.