లాగిన్ కాగానే నడిచే బ్యాచ్ ఫైల్: వేరియబుల్స్‌తో జాగ్రత్త

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం దగ్గర నుంచి కాటా ప్రోగ్రామ్ దాకా దేనికైనా నాకే ఫోన్ వస్తుంది. ఒక మిల్లులో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గుమస్తా ఇబ్బంది పడుతున్నాడని, కాటా ప్రోగ్రామ్ దానంతటదే తెరుచుకునేలా విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లో (లాగిన్ కాగానే ఇందులో ఉన్నవన్నీ నడుస్తాయి) చిన్న బ్యాచ్ ఫైల్, అంటే వరుసగా కమాండ్లు రాసిన ఫైల్, పెట్టాను. మొదటిసారి నడిపితే ప్రోగ్రామ్ లేవలేదు, రీస్టార్ట్ చేస్తే లేచింది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. మర్నాడు కూడా బాగానే నడిచింది. ఆ మర్నాడు పొద్దున ఏడింటికి, వడ్ల లారీలు గేటు బయట వరుసకట్టి ఉన్నప్పుడు ఫోన్: "అన్నా, కాటా లేస్తలేదు."

తప్పు నాదే. ఫైల్లో ఈ లైను రాశాను (కమాండ్లు, ఫోల్డర్ పేర్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లిష్‌లోనే):

సెట్ఎక్స్ పాత్ "%పాత్%;సి:\కాటా\బిన్"

పాత్ ఒక వేరియబుల్, అంటే విలువ దాచుకునే పేరు. ప్రోగ్రాములను ఏ ఫోల్డర్లలో వెతకాలో విండోస్‌కు చెప్పే జాబితా అందులో ఉంటుంది. దాని చివర కాటా ఫోల్డర్‌ను చేర్చాలన్నది నా ఉద్దేశం. సెట్, సెట్ఎక్స్ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి కానీ పని వేరు. సెట్ మార్చేది ఆ కమాండ్ నడుస్తున్న విండోను, అందులోంచి తెరిచే ప్రోగ్రాములను మాత్రమే. విండో మూస్తే మార్పు పోతుంది. సెట్ఎక్స్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, రాస్తుంది. అప్పటికి తెరిచి ఉన్న విండోకు ఆ మార్పు తెలియదు, తర్వాత తెరిచేవాటికే తెలుస్తుంది. మొదటిసారి ప్రోగ్రామ్ లేవకపోవడానికి కారణం ఇదే.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. %పాత్% అంటే సిస్టమ్ పాత్ (కంప్యూటర్ వాడే అందరిదీ), యూజర్ పాత్ (లాగిన్ అయిన మనిషిది) రెండూ కలిసిన ముద్ద. నా లైను ఆ ముద్దనంతా తీసి యూజర్ పాత్‌లో రాస్తోంది. మళ్లీ లాగిన్ అయితే దాని ముందు సిస్టమ్ పాత్ ఇంకోసారి చేరుతుంది, ఆ మొత్తాన్ని నా లైను మళ్లీ రాస్తుంది. అక్కడ సిస్టమ్ పాత్ సుమారు 400 అక్షరాలు. ఒకసారి నడిస్తే 400 పైన, రెండోసారికి 800 పైన, మూడోసారికి 1200 దాటింది. సెట్ఎక్స్ 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది. పోయేది తోక, కాటా ఫోల్డర్ ఉన్నది ఆ తోకలోనే. నాలుగోసారి నడిచేటప్పటికి కాటా చిరునామాయే లేదు. కోసే ముందు హెచ్చరిక చూపిస్తుంది, నిజమే. మినిమైజ్ చేసిన విండోలో దాన్ని చూసేదెవరు?

చేత్తో ఒకసారి కొట్టే కమాండ్‌లో తప్పుంటే ఒకసారే నష్టం. స్టార్టప్ ఫైల్లో ఉంటే అదే తప్పు రోజూ జరుగుతుంది, రోజూ పేరుకుంటుంది. అందుకే స్టార్టప్ ఫైల్లో సెట్ఎక్స్ అసలు రాయను. ఎప్పటికీ ఉండాల్సిన విలువైతే సెట్టింగ్స్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండో తెరిచి చేత్తో ఒక్కసారి పెడతాను. దానికి ముందు పాత విలువను నోట్‌ప్యాడ్‌లో కాపీ చేసుకుంటాను. ఆ రోజు ఆ కాపీ లేక, పక్క గదిలో అలాంటి కంప్యూటరే మరొకటి ఉంటే దానిలోంచి పాత్ చూసి రాసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఫైల్‌ను కాటా ఫోల్డర్‌లోనే ఉంచి, స్టార్టప్ ఫోల్డర్‌లో దాని షార్ట్‌కట్ మాత్రం పెడతాను. ఫైల్ ఇలా మొదలవుతుంది:

@ఎకో ఆఫ్
సెట్‌లోకల్
సిడి /డి "%~డిపి0"
సెట్ "పాత్=%~డిపి0బిన్;%పాత్%"

సెట్‌లోకల్ ఉంటే ఆ కింద చేసిన మార్పులన్నీ ఫైల్ అయిపోగానే రద్దవుతాయి. %~డిపి0 అంటే ఈ బ్యాచ్ ఫైల్ ఉన్న ఫోల్డర్. సిడి లైను ఆ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. స్టార్టప్ బదులు టాస్క్ షెడ్యూలర్ (పెట్టిన వేళకు ప్రోగ్రాములు నడిపే విండోస్ సదుపాయం) నుంచి నడిపితే మామూలుగా సిస్టమ్32 ఫోల్డర్లో మొదలవుతుంది కాబట్టి ఆ లైను తప్పనిసరి. షెడ్యూలర్‌లో సిస్టమ్ అకౌంట్ (విండోస్ సొంత అకౌంట్) పెడితే యూజర్‌ప్రొఫైల్, అంటే యూజర్ సొంత ఫోల్డర్, కూడా గుమస్తాది కాదు, అతను నెట్‌వర్క్ నుంచి మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ కూడా కనిపించదు.

సెట్ లైనులో కొటేషన్ గుర్తులు పేరుకు ముందే మొదలయ్యాయి, = గుర్తుకు అటూ ఇటూ ఖాళీ లేదు, గమనించండి. సెట్ కాటా_స్లిప్ = డి:\స్లిప్పులు అని ఖాళీలు వదిలి రాస్తే, చివర ఖాళీ ఉన్న పేరుతో వేరే వేరియబుల్ పుడుతుంది. మీరు వెతికే కాటా_స్లిప్ మాత్రం ఖాళీగానే ఉంటుంది. ఇఫ్ (ఫలానా అయితేనే చేయమనే కమాండ్) బ్రాకెట్ల లోపల అయితే ఇంకో తంటా: ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86) అనే పేరులోని మూసే బ్రాకెట్టే ఇఫ్‌ను మూసేస్తుంది. మొదటిదానికి = దగ్గర ఖాళీ వదలకపోవడం, రెండోదానికి కొటేషన్లు మందు.

ఖాళీ వేరియబుల్ ఎంత ప్రమాదమో ఈ లైను చూడండి:

డెల్ /క్యూ "%కాటా_స్లిప్%\*.*"

పాత స్లిప్పులు తుడవడానికి రాసింది. కాటా_స్లిప్ ఖాళీ అయితే మిగిలేది "\*.*", అంటే ఉన్న డ్రైవ్ మొదట్లోని ఫైళ్లన్నీ. /క్యూ ఉంది కాబట్టి అడగను కూడా అడగదు. అందుకే దానికి ముందు రెండు కాపలా లైన్లు పెడతాను:

ఇఫ్ నాట్ డిఫైన్డ్ కాటా_స్లిప్ ఎగ్జిట్ /బి 1
ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ "%కాటా_స్లిప్%\స్లిప్.గుర్తు" ఎగ్జిట్ /బి 1

స్లిప్.గుర్తు అనేది బ్యాచ్ ఫైల్ తుడవకుండా రీడ్ ఓన్లీ చేసి ఆ ఫోల్డర్లో నేను పెట్టుకున్న ఖాళీ ఫైల్. అది కనిపించకపోతే ఏదీ తుడవొద్దని.

పేర్లకు ముందు కాటా_ ఎందుకంటారా? నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకసారి ఎన్ని సెకన్లు ఆగాలో టైమ్ అనే వేరియబుల్‌లో 5 అని పెట్టాడు. అసలు %టైమ్% గడియారం చూపాలి. అది 5 దగ్గర ఆగిపోయింది. బ్యాకప్ ఫైళ్ల పేర్లలో వాడింది అదే, దాంతో ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ చివరిది ఒక్కటే మిగిలింది. డేట్, టైమ్, పాత్, టెంప్, ఎర్రర్‌లెవెల్ పేర్లు సొంతానికి వాడకండి.

పాస్‌వర్డ్ సంగతి. బ్యాకప్ సర్వర్ పాస్‌వర్డ్‌ను వేరియబుల్‌లో పెడితే, ఆ విండోలోంచి తెరిచే ప్రతి ప్రోగ్రాముకూ అది అందుతుంది. పైగా పాస్‌వర్డ్‌లో % గుర్తు ఉంటే బ్యాచ్ ఫైల్ దాన్ని మింగేస్తుంది. సిఎమ్‌డికీ అనే కమాండ్‌తో క్రెడెన్షియల్ మేనేజర్‌లో (పాస్‌వర్డ్లు దాచే విండోస్ పెట్టె) ఒకసారి దాచేస్తే ఫైల్లో రాసే పనే ఉండదు. కాకపోతే ఏ యూజర్ పేరుతో ఫైల్ నడుస్తుందో ఆ యూజర్‌గా లాగిన్ అయ్యే దాచాలి.

ఫైల్ చివర ఈ లైను ఉంచుతాను:

సెట్ కాటా_ > "%~డిపి0లాగ్.టెక్స్ట్"

కాటా_తో మొదలయ్యే వేరియబుల్స్ అన్నీ వాటి విలువలతో లాగ్‌లో పడతాయి. కొత్త ఫైల్ పెట్టాక కనీసం నాలుగుసార్లు రీస్టార్ట్ చేసి, ప్రతిసారీ ఆ లాగ్‌నూ, యూజర్ పాత్‌నూ తెరిచి చూస్తాను. నాలుగూ ఒకేలా ఉంటేనే బండి స్టార్ట్ చేసి ఇంటికి బయల్దేరతాను.