సిరిమానుకైనా, రథసప్తమికైనా... కారు వదిలి వెళ్లే ముందు

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. కార్తీకంలో కళింగపట్నం, భావనపాడు ఒడ్డున వనభోజనాలు. మాఘంలో అరసవల్లి రథసప్తమి, ఆ వెనకే శ్రీముఖలింగంలో శివరాత్రి. ఈ నాలుగైదు నెలలూ మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కార్లు గంటల తరబడి తెలియని చోట్ల, యజమాని కంటికి ఆనకుండా నిలబడి ఉంటాయి. సిరిమాను అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా జనంలోంచి బయటపడలేమని మనకెంత తెలుసో దొంగకీ అంతే తెలుసు.

పండగ పార్కింగులో ముందు ఆలోచించాల్సింది లోపలున్న సామాను గురించి. కారు ఎత్తుకుపోవడానికి పనితనం కావాలి, అద్దం పగలగొట్టి సంచీ లాక్కోవడానికి అక్కర్లేదు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది, పగిలినా ఊడిరాదు. పక్క అద్దాలు చాలా కార్లలో టెంపర్డ్ గాజువి. గట్టి మొన ఒక్కచోట తగిలితే చాలు, అద్దమంతా పలుకులై రాలిపోతుంది. జాతర డప్పుల్లో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. లోపల ఏమైనా కనిపించిందంటే ఎంత మంచి తాళమైనా దండగే.

అందుకే సర్దుకోవడం ఇంటి దగ్గరే అయిపోవాలి. చాలామంది చేసే పని ఏమిటంటే, పార్కింగులో కారు ఆపి, దిగి, వెనకసీటులోని బ్యాగులన్నీ తీసి డిక్కీలో పెట్టి, ఒకసారి అటూ ఇటూ చూసి, తాళం వేసి వెళ్లడం. ఏది ఎక్కడ ఉందో పార్కింగులో ఉన్నవాళ్లందరికీ చూపించినట్టే కదా! డిక్కీలో పెట్టాల్సినవి బయల్దేరేటప్పుడే పెట్టండి. మరిచిపోతే దారిలో పెట్రోలు బంకులో పెట్టండి. దిగే చోట మాత్రం డిక్కీ తలుపు ఎత్తొద్దు.

అలాగని డిక్కీ బీరువా ఏమీ కాదు. హ్యాచ్‌బ్యాక్‌లో వెనకసీటు మడిస్తే డిక్కీ చేతికి వచ్చేస్తుంది. చాలా సెడాన్లలో డ్రైవరు సీటు పక్కనో డ్యాష్‌బోర్డు కిందో డిక్కీ తెరిచే మీటో బటనో ఉంటుంది. ఒక్క అద్దం పగిలితే రెండూ తెరుచుకున్నట్టే. బట్టలు, చెప్పులు, క్యారేజీలు డిక్కీలో ఉండొచ్చు. బంగారం, ల్యాప్‌టాప్, డబ్బు మాత్రం ఒంటిమీదైనా ఉండాలి, ఇంట్లోనైనా ఉండాలి.

సీట్లమీద, అడుగున ఏమీ కనపడకూడదు. ఖాళీ సంచీ కూడా వద్దు, అది ఖాళీదని బయటివాడికి తెలియదు. ఛార్జరు తీగ వేలాడుతుంటే ఫోనో ట్యాబో ఉందనుకుంటాడు. అద్దం మీద ఫోన్ హోల్డరు తీసేసినా దాని గుండ్రటి మచ్చ మిగులుతుంది, గుడ్డతో తుడవండి. కప్ హోల్డరులో చిల్లర ఉంచొద్దు. గ్లవ్ బాక్సు ఖాళీ చేసి, మూత తెరిచే వదిలేయడం మంచి అలవాటు. నల్ల ఫిల్మ్ అతికిస్తే సరిపోతుందనుకోవద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన. పైగా అద్దం ఎంత నల్లగా ఉంటే పగలగొట్టేవాడు బయటికి అంత తక్కువగా కనిపిస్తాడు.

పోలీసులు ప్రకటించిన పార్కింగు దూరమైనా అక్కడే పెట్టండి. నాలుగడుగులు కలిసొస్తాయని సందులోనో తోటలోనో చివర్న పెడితే మీ బండి పక్కన ఎవరు నిలబడ్డా అడిగేవాడుండడు. రథసప్తమికి అర్ధరాత్రి నుంచే దర్శనాలు కాబట్టి దీపం కింద చోటు చూసుకోవాలి. గోడ ఉంటే డిక్కీ గోడకి ఆనేలా రివర్సులో పెట్టండి, వెనక తలుపు తెరవడానికి చోటుండదు. టోకెను ఇస్తే జేబులో పెట్టుకోండి, డ్యాష్‌బోర్డు మీద కాదు. తాళం ఇచ్చి వెళ్లమనే చోట తాళాలగుత్తి మొత్తం ఇవ్వొద్దు. ఆర్సీ మీద ఇంటి చిరునామా, గుత్తిలో ఇంటి తాళం... రెండూ ఒకే మనిషి చేతిలో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రిమోట్ నొక్కుతూ నడిచి వెళ్లిపోవడం ఇంకో పొరపాటు. అదే ఫ్రీక్వెన్సీలో ఎవరైనా సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ నడుపుతుంటే బటన్ నొక్కినా కారుకి సందేశం అందదు, తలుపులు తెరిచే ఉంటాయి. కారు పక్కనే నిలబడి నొక్కండి. ఇండికేటర్లు వెలగాలి, తాళం పడిన చప్పుడు వినాలి, ఆ తరవాత హ్యాండిల్ లాగి చూడాలి. చేతిలో స్మార్ట్ కీ ఉంటే కొన్ని కార్లు హ్యాండిల్ ముట్టగానే తెరుచుకుంటాయి. అలాంటప్పుడు తాళం ఇంకొకరికిచ్చి దూరంగా పంపి లాగి చూడండి. వెనక కిటికీలు పిల్లలు దించి వదిలేస్తారు, అవీ చూడండి.

సముద్ర స్నానానికి వెళ్లేవాళ్లు తాళం టైరు మీద దాచడం అందరికీ తెలిసిన రహస్యం! స్మార్ట్ కీ అయితే మరీ ప్రమాదం. తాళం చక్రం దగ్గరుంటే కారు దాన్ని గుర్తుపడుతుంది, తలుపు ముట్టగానే తెరుచుకోవచ్చు. జేబులో పెట్టుకుని నీళ్లలో దిగితే ఉప్పునీటికి లోపలి సర్క్యూట్ పాడవుతుంది. ఒడ్డున ఒక మనిషి తాళం పట్టుకుని కూర్చోవడం తప్ప దీనికి తేలిక దారి లేదు. శ్రీముఖలింగంలో వంశధార స్నానాలకీ ఇదే మాట.

ఇక బ్యాంకు దగ్గర జరిగేవి. ధాన్యం డబ్బు తీసినా, పెళ్లికి బంగారం కొన్నా, వెంటాడేవాళ్లు లోపల్నుంచే చూసి బయటివాళ్లకి చెబుతారు. ఆ తరవాత అద్దాలు పగలవు, మీచేతే తలుపు తీయిస్తారు. కింద పది రూపాయల నోట్లు చల్లి “అన్నా, మీ డబ్బులు పడిపోయాయి” అంటారు. ఇంజిను దగ్గర నూనె కారుతోందంటారు, టైరులో గాలి లేదంటారు. మీరు కుడివైపు దిగి వంగేసరికి ఎడమవైపు తలుపు తెరిచి సంచీ తీస్తారు. డబ్బుతో కారెక్కగానే అన్ని తలుపులకీ లోపల్నుంచి తాళం వేయండి, సంచీ పక్కసీటులో పెట్టొద్దు. ఎవరేం చెప్పినా దిగొద్దు. ట్యూబ్‌లెస్ టైరుకి మేకు గుచ్చుకుంటే చాలాసార్లు గాలి మెల్లగా దిగుతుంది, నెమ్మదిగా దగ్గర్లోని బంకు దాకానో స్టేషను దాకానో వెళ్లొచ్చు. టైరు పూర్తిగా చతికిలపడినా నాలుగడుగులు ముందుకెళ్లి జనంలోనే ఆపండి. టైరు పోతే కొనుక్కోవచ్చు. దిగక తప్పకపోతే సంచీ మీతోనే దిగాలి. డబ్బుతో దారిలో టీకి ఆగడం, కూరగాయలకి ఆగడం... వద్దు.

కారునే ఎత్తుకుపోయే విషయానికొస్తే, స్మార్ట్ కీ ఇంట్లో వీధి గుమ్మం పక్కన మేకుకి తగిలించొద్దు. ఒకడు గుమ్మం దగ్గర, ఒకడు కారు దగ్గర పరికరాలు పట్టుకుని తాళం సిగ్నల్‌ని కారుదాకా సాగదీస్తారు. సిగ్నల్ అడ్డుకునే సంచీలో ఉంచితే ఆగుతుంది. సంచీ పనిచేస్తోందో లేదో మీరే చూడొచ్చు: తాళం అందులో పెట్టి కారు తలుపు ముట్టండి, తెరుచుకుంటే ఆ సంచీ పనికిరాదు. కొందరు స్టీరింగు కింద ఓబీడీ పోర్టుకి (మెకానిక్కులు కారు లోపాలు చూసుకునే సాకెట్టు) పరికరం తగిలించి కొత్త తాళమే నమోదు చేస్తారు. దాని మీద బిగించే తాళాలు దొరుకుతాయి. వీటన్నిటికంటే గేరు కదలకుండా బిగించే ఇనుప తాళం, గేర్ లాక్ మేలు. ఎలక్ట్రానిక్స్ ఎన్ని ఛేదించినా ఇనుము కోయాలంటే చప్పుడు, సమయం రెండూ కావాలి. పాత కారు కొంటే సర్వీసు సెంటరులో పాత తాళాలన్నీ తొలగించి, మీ దగ్గరున్నవే మళ్లీ నమోదు చేయించండి.

ఎర్టిగా, ఇన్నోవా లాంటి వాటికి స్టెపినీ బండి కింద వేలాడుతుంది. దానికి తాళం బిగించకపోతే పంక్చరు పడ్డ రోజు గానీ పోయిందని తెలియదు. ఈకో వ్యాన్లు నడిపేవాళ్లు సైలెన్సరు చూసుకోవాలి. అందులోని క్యాటలిటిక్ కన్వర్టరులో పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి, వాటికోసమే కోసుకుపోతారు. పొద్దున్నే స్టార్టు చేయగానే బండి గట్టిగా గర్జిస్తే కిందికి వంగి చూడండి. చుట్టూ ఇనుప పంజరం బిగిస్తే ఆపొచ్చు. వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీగ తీసేయమని చెప్పండి, లేకపోతే ఇంజినుని నడిపే కంప్యూటరు (ఈసీఎం) దెబ్బతినొచ్చు.

ఒరిజినల్ ఆర్సీ కారులో ఉండక్కర్లేదు. డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో చూపించేవి చెల్లుతాయి. అమ్మకానికని ముందే సంతకం చేసిన 29, 30 ఫారాలు గ్లవ్ బాక్సులో పడేసే అలవాటు కొందరికుంది. అంతకంటే దొంగకి సుఖం ఇంకేముంటుంది!

కారే పోతే 112కి వెంటనే ఫోన్ చేయాలి. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, ఇచ్ఛాపురం దాటినా ఒడిశానే. బండి రాష్ట్రం దాటడానికి ఎక్కువసేపు పట్టదు. ఫాస్టాగ్ కంగారుపడి ఆపించొద్దు. మడపాం దగ్గరో నాతవలసలోనో టోలు కోసుకుంటే మీ ఫోన్‌కి సందేశం వస్తుంది, ఎటు వెళ్లిందో పోలీసులకి అదే ఆధారం. ఆపమని వాళ్లు చెప్పాకే ఆపించండి. బండి ఎక్కడ పోయినా ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇస్తే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కారులో బ్యాంకు కార్డులు, ఫోను పోతే ముందు కార్డులు బ్లాక్ చేయించండి, ఖాతాలోంచి డబ్బు పోతే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

బీమా కంపెనీకీ అదే రోజు చెప్పండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే కారు పోయినా ఏమీ రాదు. కాంప్రహెన్సివ్ ఉన్నా లోపలి ల్యాప్‌టాప్, బట్టలు అందులోకి రావు, వాటికి వ్యక్తిగత వస్తువుల కవర్ విడిగా తీసుకోవాలి. కారు పోయిన క్లెయిముకి రెండు తాళాలూ అడుగుతారు. రెండోది ఎక్కడో పారేసి ఉంటే, లేదా తాళం బండిలోనే వదిలేశారని తేలితే చిక్కులు తప్పవు. అద్దం మాత్రమే పగిలితే సీట్లలోని గాజు పలుకులు ఊడ్చేయకండి. ఫొటోలు తీసి, పోలీసులు చూశాకే తలుపు ముట్టండి.