బెల్టు రెండు రంధ్రాలు వెనక్కి

బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం. బరువు 68 కిలోలే కదా, నాకేం అనుకునేవాణ్ణి. చెకప్‌లో టేపు పెడితే నడుము 97 సెంటీమీటర్లు! మన మగవాళ్లకు 90 దాటకూడదట. చర్మం కింది కొవ్వు కన్నా కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వే షుగర్‌కీ గుండెజబ్బుకీ దారి తీస్తుందన్నారు డాక్టరు గారు.

కడుపు మాడ్చుకోలేదు, తిండి మార్చాను. అసలు దొంగలు అన్నం, పప్పు కాదు. పొద్దున దర్శినిలో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) తియ్యటి కేసరిబాత్, సాయంత్రం బేకరీ పఫ్, రోజుకు నాలుగు చక్కెర టీలు. వాటి బదులు పెసరట్టు, శనగ గుగ్గిళ్లు, చక్కెర లేని టీ. రాత్రి అన్నం సగం చేసి, తోటకూర పప్పు రెండింతలు చేశాను. టీ దగ్గరే ఏడుపొచ్చింది, నిజం.

ఏడు నెలలకు బరువు మూడు కిలోలే తగ్గింది, నడుము మాత్రం 91. అమ్మేమో ఫోన్‌లో "చిక్కిపోయావురా" అంటుంది. సంక్రాంతి అరిసెల విషయంలో ఏ హామీ ఇవ్వలేను.