అర్ధరాత్రి దాటే షిఫ్టులను డేటాబేస్‌లో నమోదు చేయడం
రాత్రి 22:00కు మొదలై మర్నాడు 06:00కు ముగిసే షిఫ్టును కేవలం గడియారపు సమయాలుగా నమోదు చేస్తే, ముగింపులోంచి ప్రారంభాన్ని తీసివేసినప్పుడు 8 గంటలకు బదులు మైనస్ 16 వస్తుంది. అందుకే ప్రారంభం, ముగింపు అనే రెండు కాలమ్‌లలోనూ తేదీ, సమయం కలిసి ఉండే టైమ్‌స్టాంప్‌నే వాడాలి. హాజరు ఏ రోజు ఖాతాలో పడాలన్నది సంస్థ నియమాన్ని బట్టి ఉంటుంది కనుక షిఫ్టు తేదీకి వేరే కాలమ్ ఉండటం మేలు.

పాత పట్టికలో సమయాలు మాత్రమే ఉంటే, ముగింపు ప్రారంభం కంటే చిన్నదైన చోట దానికి ఒక రోజు కలపాలి. రెండూ సమానమైతే అది 24 గంటల షిఫ్టో, పొరపాటు నమోదో ఏ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) చెప్పలేదు, మనిషే చూడాలి. ఒక రోజు పనిగంటలు కావాలంటే, ఆ రోజు ముగిసేలోపు మొదలై, ఆ రోజు మొదలైన తరువాత ముగిసిన షిఫ్టులన్నిటినీ తీసుకుని, రోజు హద్దులకు బయట పడిన భాగాన్ని కత్తిరించి లెక్కించాలి.