క్యాన్సర్ మ్యుటేషన్ల సమాచారాన్ని పటాలుగా గీసి చదవడం ఎలా

హబ్సిగూడలోని సీసీఎంబీలోనో, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలోనో క్యాన్సర్ జన్యువుల మీద ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థికి తొలినాళ్లలోనే మాఫ్ ఫైలు ఎదురవుతుంది. అందులో ఒక్కో వరుస ఒక్కో మ్యుటేషన్, అంటే డీఎన్‌ఏలో ఒక మార్పు. జన్యువు పేరు, క్రోమోజోము, స్థానం, మార్పు రకం, కణితి నమూనా సంకేతం నిలువు వరుసలుగా ఉంటాయి. దీనిని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయరాదు. సెప్ట్2, మార్చ్1 వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చివేస్తున్నందున, జన్యు నామకరణ సంఘమే వాటికి సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని కొత్త పేర్లు పెట్టవలసి వచ్చింది.

అభ్యాసానికి సొంత డేటా అక్కరలేదు. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వాడే మాఫ్‌టూల్స్ ప్యాకేజీని బయోకండక్టర్ అనే ఉచిత ప్యాకేజీల భాండాగారం నుంచి తెచ్చుకుంటే, అమెరికా క్యాన్సర్ జన్యు ప్రాజెక్టు టీసీజీఏ సేకరించిన తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా (ఒక రక్త క్యాన్సర్) నమూనాలు 193 దానితోపాటే వస్తాయి. వాటితో మొదట ఆంకోప్లాట్ గీయాలి. అడ్డవరుసలో జన్యువు, నిలువు గడిలో రోగి, గడి రంగులో మార్పు రకం కనిపిస్తాయి. ఈ డేటాలో ఎఫ్‌ఎల్‌టీ3, డీఎన్‌ఎంటీ3ఏ, ఎన్‌పీఎం1 పైవరుసల్లో నిలుస్తాయి; ఆ వరుస నమ్మదగినదే.

అయితే ఊపిరితిత్తుల కణితుల డేటాతో ఇదే పటం గీస్తే టీటీఎన్ అనే జన్యువు పైకి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏదో కనిపెట్టాననే సంబరపడ్డాను. పేరొందిన క్యాన్సర్ జన్యువు టీపీ53 ప్రోటీన్ పొడవు 393 అమైనో ఆమ్లాలైతే, టీటీఎన్‌ది దాదాపు 34 వేలు; పొడవు పెరిగేకొద్దీ యాదృచ్ఛిక మార్పులూ ఎక్కువ పడతాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద మన వీధికంటే ఎక్కువ గుంతలు లెక్కకు వచ్చినంత మాత్రాన ఆ రోడ్డు అధ్వానమైనదని అనలేము కదా. కాబట్టి కేవలం సంఖ్యను బట్టి జన్యువులను పేర్చక, నేపథ్య మ్యుటేషన్ రేటును (యాదృచ్ఛికంగానే మార్పులు వచ్చే వేగం), జన్యు వ్యక్తీకరణను (జన్యువు ఎంత చురుగ్గా ఉందో), డీఎన్‌ఏ ప్రతికృతి సమయాన్ని లెక్కలోకి తీసుకునే మ్యుట్‌సిగ్‌సీవీ వంటి పద్ధతితో వడకట్టిన తరువాతే ఆంకోప్లాట్‌కు జన్యువులను ఎంచుకోవాలి.

తరువాతిది లాలిపాప్ పటం. ప్రోటీన్ పొడవు మీద ఒక్కో స్థానంలో ఎన్ని నమూనాలు మారాయో పుల్లల ఎత్తు చెబుతుంది. డీఎన్‌ఎంటీ3ఏలో 882వ స్థానం వద్ద ఒక్క పుల్ల మిగతావాటిని మించి లేస్తుంది. అటువంటి గుంపు కనిపిస్తే ఆ మార్పు కణానికి ఏదో లాభం చేకూరుస్తోందని అనుమానించాలి; ప్రోటీన్‌ను మధ్యలోనే తెంచివేసే మార్పులు పొడవునా చెదిరి ఉంటే, ఆ జన్యువు కణితిని అడ్డుకునేదై ఉండవచ్చు.

రెయిన్‌ఫాల్ పటంలో అడ్డంగా మ్యుటేషన్ల వరుస క్రమం, నిలువుగా ఒకదానికీ ముందుదానికీ ఉన్న దూరం లాగ్ కొలతలో ఉంటాయి. అమీర్‌పేటలో కుండపోత కురుస్తుండగా ఉప్పల్ పొడిగా ఉన్నట్లు, ఒక్కచోట చుక్కలు కిందికి కుప్పగా దిగితే దానిని కటేగిస్ అంటారు. 2012లో 21 రొమ్ము క్యాన్సర్ జీనోమ్‌లలో దీనిని వర్ణించారు. ఇది సంపూర్ణ జీనోమ్‌కు తగిన పటం. ప్రోటీన్‌కు సంకేతమిచ్చే ముక్కలను (ఎక్సాన్లు) మాత్రమే చదివిన ఎక్సోమ్ డేటాలో ఎక్సాన్ల మధ్య ఖాళీలే దూరాలుగా కనిపించి మోసగిస్తాయి.

చివరగా మ్యుటేషన్ సిగ్నేచర్, అంటే మ్యుటేషన్లకు కారణమైనది డీఎన్‌ఏలో వదిలే ముద్ర. ఆరు రకాల డీఎన్‌ఏ అక్షర మార్పులను, ఒక్కో పక్కన ఉండగల నాలుగేసి అక్షరాలతో గుణిస్తే (6×4×4) 96 గడులు వస్తాయి. పొగాకు పొగ ముద్రలో సి నుంచి ఏకు, అతినీలలోహిత కిరణాల ముద్రలో సి నుంచి టీకి మార్పులు ఎక్కువ. కానీ పైన చెప్పిన ల్యుకేమియాలో ఒక్కో రోగికి జన్యువులలోని మ్యుటేషన్లు సగటున 13 మాత్రమే. 96 గడులలో 13 గింజలు చల్లితే ఏ ఆకారమైనా కనిపిస్తుంది. కనుక ఒక్క రోగి బార్‌చార్టును చూసి కారణం తేల్చక, నమూనాలన్నిటినీ కలిపి విశ్లేషించి, పటం కింద నమూనాల సంఖ్యను, పోలికకు వాడిన జీనోమ్ వెర్షన్‌ను తప్పక రాయాలి.