ఊకా, బొగ్గా, డీజిలా: మీ బాయిలర్‌కి సరిపోయే ఫ్లూ గ్యాస్ అనలైజర్‌ని ఎంచుకోవడం

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్‌కి ఊకే మేత. ముత్తుకూరు మండలంలోని వంటనూనె రిఫైనరీల వైపు బొగ్గు ఎక్కువ. రొయ్యల చెరువు గట్ల మీద డీజిల్ జనరేటర్లు. ఈ మూడింటికీ ఒకే ఫ్లూ గ్యాస్ అనలైజర్, అంటే పొగలో ఏ గ్యాస్ ఎంతుందో కొలిచే యంత్రం, చాలంటారు అమ్మేవాళ్లు. చాలదు. కేటలాగ్ తెరిచే ముందు రెండు సంగతులు తేల్చుకోండి: ఏం మండుతోంది, వచ్చే అంకె ఎవరికి కావాలి.

అంకె మీ ఫైర్‌మ్యాన్‌కి, అంటే ఊక ఎంత వేయాలి, డాంపర్ (గాలిని అదుపు చేసే తలుపు) ఎంత తెరవాలి అన్నదానికైతే చేతిలో పట్టుకునే యంత్రం చాలు. కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాల్సిన రిపోర్టుకి మాత్రం గుర్తింపు ఉన్న ల్యాబ్ వచ్చి కొలవాల్సిందే. కృష్ణపట్నం దగ్గరి థర్మల్ యూనిట్ల చిమ్నీలకి రాత్రింబవళ్లు కొలిచే స్థిర యంత్రాలు వేరే ఉంటాయి, వాటికి ఇది బదులు కాదు. ఇంకొకటి: ఈ యంత్రం ధూళిని కొలవదు. పక్క ఇళ్ల డాబాల మీద నల్లటి బూడిద పడుతోందన్నది మీ బాధ అయితే ముందు ధూళిని పట్టే సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్ సంగతి చూడండి. అనలైజర్ దానికి మందు కాదు.

ఏ సెన్సార్లు కావాలి

ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, పొగ ఉష్ణోగ్రత, డ్రాఫ్ట్ (పొగని లాగే ఒత్తిడి). ఊక బాయిలర్‌కి ఈ నాలుగూ చాలు. ఊకలో గంధకం చాలా తక్కువ, సల్ఫర్ డయాక్సైడ్ సెన్సార్‌కి డబ్బు పోయడం దండగ. బొగ్గుకి మాత్రం అది తప్పనిసరి, రీడింగ్ వందల పీపీఎంలో (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అన్న లెక్క) వస్తుంది. డీజిల్ జనరేటర్‌కి నైట్రిక్ ఆక్సైడ్‌తో పాటు నైట్రోజన్ డయాక్సైడ్‌కి విడిగా సెన్సార్ తీసుకోండి. బాయిలర్ పొగలో నైట్రోజన్ డయాక్సైడ్ కొద్దిగానే ఉంటుంది కాబట్టి చాలా యంత్రాలు నైట్రిక్ ఆక్సైడ్ కొలిచి, దానికి 5 శాతం కలిపి నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల మొత్తం) అని చూపిస్తాయి. ఇంజిన్ పొగ దగ్గర ఆ లెక్క తప్పుతుంది.

కార్బన్ డయాక్సైడ్‌ని చాలా చేతి యంత్రాలు కొలవవు, ఆక్సిజన్ నుంచి లెక్క కడతాయి. యంత్రంలో ఇంధనం ఎంపిక తప్పితే ఆ అంకె కూడా తప్పే. ఊకకి గరిష్ఠ కార్బన్ డయాక్సైడ్ (అదనపు గాలి లేకుండా పూర్తిగా మండితే పొగలో ఉండేది) సుమారు 20 శాతం, డీజిల్‌కి 15.4. ఊక బాయిలర్ దగ్గర డీజిల్ అని పెట్టి, ఆక్సిజన్ 9 శాతం ఉంటే యంత్రం 8.8 చూపిస్తుంది. నిజానికి ఉండాల్సింది 11.4. చాలా యంత్రాల జాబితాలో ఊక ఉండదు, అందుకే మన ఇంధనం వివరాలు మనమే ఎక్కించుకునే వీలుందో లేదో ముందే అడగండి.

ఊక దగ్గర యంత్రాన్ని చంపేది కార్బన్ మోనాక్సైడే

ఊక ఒక్కసారిగా కుమ్మరించినా, గ్రేట్ (ఇంధనం మండే ఇనప జల్లెడ) మీద బూడిద లాగినా కార్బన్ మోనాక్సైడ్ కొన్ని సెకన్లలో వేల పీపీఎం దాటుతుంది. మామూలు సెన్సార్ పరిధి 4,000 లోపే ఉంటుంది. దాన్ని మించి పీల్చిన సెన్సార్ గంటల తరబడి సున్నాకి రాదు, పదేపదే అలా జరిగితే ఇక కోలుకోదు. కాబట్టి పరిధి దాటగానే ఆ సెన్సార్‌కి గ్యాస్ ఆపే ఏర్పాటు గానీ, మంచి గాలి కలిపి పలుచన చేసే ఏర్పాటు గానీ ఉన్న మోడలే కొనండి. బేరంలో ఏది వదులుకున్నా దీన్ని మాత్రం వదలొద్దు. అలాగే హైడ్రోజన్ సవరణ ఉన్న సెన్సార్ అడగండి. గాలి చాలక మగ్గే మంటలో హైడ్రోజన్ కూడా వస్తుంది, సవరణ లేని సెన్సార్ దాన్నీ కార్బన్ మోనాక్సైడ్‌గానే లెక్కేస్తుంది.

ప్రోబ్, ఫిల్టర్, నీళ్ల బుడ్డి

ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలా గీరుతుంది. ప్రోబ్ (పొగలోకి దూర్చే గొట్టం) కొసన లోహపు ఫిల్టర్, పిడి దగ్గర మార్చుకునే ఫిల్టర్, రెండూ ఉండాలి. తెల్లగా ఉండాల్సిన ఫిల్టర్ బూడిద రంగుకి తిరగ్గానే మార్చండి. యంత్రంతో పాటే కనీసం 20 తీసుకోవడం మంచిది, ఒక్కోదానికీ కొరియర్ కోసం కాచుకోలేం. ప్రోబ్ పొడవు పొగ గొట్టం మధ్యకి అందాలి. గొట్టం 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే గోడ మందంతో కలిపి 300 మిల్లీమీటర్ల ప్రోబ్ చాలదు, 700ది తీసుకోండి.

పొగలోని ఆవిరి చల్లబడి ప్రోబ్ నుంచి యంత్రానికి వచ్చే గొట్టంలో నీరవుతుంది. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగిపోయి సెన్సార్ దాకా రావు, రీడింగ్ తక్కువ పడుతుంది. బొగ్గుకైతే గ్యాస్‌ని చల్లబరిచి నీటిని విడదీసే కూలర్, లోపల టెఫ్లాన్ పూత ఉన్న గొట్టం ఉండాలి. ఊకకి ఆ నీరు చేరే మామూలు నీళ్ల బుడ్డి చాలు, కాకపోతే సగం నిండకముందే వంపేయాలి. నీళ్లు పంపులోకి పోతే వారంటీ వర్తించదంటారు.

ఎక్కడ కొలవాలి

మంట సర్దుబాటుకైతే బాయిలర్ దాటిన వెంటనే, సైక్లోన్‌కి, పొగని లాగే ఐడీ ఫ్యాన్‌కి ముందే కొలవండి. ఆ తర్వాత జాయింట్ల సందుల్లోంచి బయటి గాలి చొరబడుతుంది, ఆక్సిజన్ ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి ఫ్యాన్ తగ్గిస్తే నిజంగానే గాలి చాలక నల్లపొగ లేస్తుంది. అదనపు గాలి లెక్క సులువే: ఆక్సిజన్ శాతాన్ని 20.9లోంచి ఆక్సిజన్ శాతం తీసేసిన అంకెతో భాగించి 100తో గుణించండి. ఆక్సిజన్ 10 ఉంటే 92 శాతం అదనపు గాలి, 5.5 ఉంటే 36 శాతం.

గాలి కలిపితే పీపీఎం దానంతట అదే తగ్గుతుంది, అందుకే ఉత్త పీపీఎం పోల్చి లాభం లేదు. ఆక్సిజన్ 12 శాతం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 400 ఉందంటే, 6 శాతం ఆక్సిజన్‌కి సరిచేస్తే అది సుమారు 670. ఈ సవరణ, మిల్లీగ్రాముల్లో చూపడం, రెండూ యంత్రంలోనే ఉండాలి. సల్ఫర్ డయాక్సైడ్ 1 పీపీఎం అంటే ఘనమీటరుకి 2.86 మిల్లీగ్రాములు, కార్బన్ మోనాక్సైడ్‌కి 1.25.

తెర మీద ఎఫిషియెన్సీ 85 అని కనిపిస్తే సంబరపడొద్దు. అది చిమ్నీ నష్టం ఒక్కటే తీసేసిన లెక్క. బూడిదలో మిగిలిన కార్బన్, బాయిలర్ గోడల వేడి, బ్లోడౌన్ (బాయిలర్‌లోంచి వదిలేసే నీరు), ఇవేవీ అందులో ఉండవు.

డెమో మీ మిల్లులోనే

ఆఫీసు బల్ల మీద చూపించే డెమో దేనికీ కొరగాదు. బాయిలర్ లోడు మీద ఉండగా అరగంట పెట్టించండి.

1. మంచి గాలిలో సెన్సార్లని సున్నా చేయించేది బాయిలర్ షెడ్డు బయట, జనరేటర్‌కి దూరంగా. ఆక్సిజన్ 20.9 రావాలి.
2. ప్రోబ్ కొసని మూసి చూడండి. పంపు శబ్దం మారాలి, ప్రవాహం తగ్గిందని హెచ్చరిక రావాలి. రాకపోతే ఎక్కడో లీకు ఉన్నట్టే.
3. బూడిద లాగే సమయంలో ప్రోబ్ లోపలే ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్ రక్షణ పని చేస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది.
4. బయటికి తీశాక కార్బన్ మోనాక్సైడ్ అంకె ఎన్ని నిమిషాలకి సున్నాకి వస్తుందో గడియారం పెట్టి చూడండి.

రోహిణీ కార్తెలో బాయిలర్ షెడ్డు లోపల 45 డిగ్రీలు దాటడం మామూలే. చేతి యంత్రాలు చాలావాటికి పని చేసే పరిమితి అక్కడితో ఆగిపోతుంది. మాన్యువల్‌లో ఆ అంకె చూసుకోండి, కొలిచేటప్పుడు యంత్రాన్ని నీడలో, వేడి గొట్టానికి దూరంగా ఉంచండి.

సెన్సార్లు వాడకపోయినా ముసలివవుతాయి. మామూలు ఆక్సిజన్ సెన్సార్ ఆయుష్షు రెండేళ్లు, ఎక్కువ కాలం వచ్చేవి అయిదారేళ్లు. పెట్టె మీద తయారీ తేదీ చూడకుండా సంతకం పెట్టకండి. నైట్రిక్ ఆక్సైడ్ సెన్సార్‌కి ఎప్పుడూ కొద్దిగా విద్యుత్తు అందుతూ ఉండాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోనిస్తే మళ్లీ కుదురుకోవడానికి గంటలు పడుతుంది, కాబట్టి బీరువాలో ఉన్నా నెలకోసారి చార్జింగ్ పెట్టండి. ఒక్కో సెన్సార్ ధర, ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ (తెలిసిన గ్యాస్‌తో అంకెలు సరిచూడటం) ఖర్చు, ఆ పని చెన్నైలోనా హైదరాబాద్‌లోనా, ఎన్ని రోజులు పడుతుంది, అన్నాళ్లూ బదులు యంత్రం ఇస్తారా అన్నవి కొటేషన్‌లోనే రాయించుకోండి.